దెబ్బయు బీజమును

కడప నుండి కర్నూలునకు బోవు బాటయు, బద్వేలు నుండి ప్రొద్దుటూరునకు బోవు బాటయు ఒండొంటిని దాటు కూడలియందు మైదుకూరు వెలసియున్నది. ఆ కూడలి నుండి ఏ దిక్కునకు అరామడ నడచినను, సంక్రాంతి దినములలోనో, తిరునాళ్ళ వేళలోనో, కోత ముగిసిన చేనొకదానిని చదునుచేసి, రాళ్లేరి, నీళ్లు చల్లి, సున్నముతో గీతలు గీచిన చెడుగుడు బరి యొకటి కానవచ్చును. ఒకవైపు బండలాగుడు పోటీలకు ఎద్దులను తోలుకొనివచ్చిన రైతులు, ఇంకొకవైపు బొరుగులును మిరపకాయ బజ్జీలును అమ్ముకొను బండ్లు, నడుమ ఈ బరి చుట్టును మూడు వరుసలుగా మూగిన జనము: కరవుసీమలో పండుగ యనగా ఇదియే.

ఆ జనములో నిలిచి యొక యాటను శ్రద్ధగా చూతము. కూతకు బోయిన కుర్రవాడు గీత తాకి మరలునంతలో వెనుకనుండి యొకడు చీలమండను ఒడిసిపట్టును; వేరొకడు నడుమును పెనవైచుకొనును; మూడవవాడు మీదికి దుముకును. నలుగురును కలిసి కూలునప్పుడు కూతవాని కణత మరియొకని మోకాటికి తగులును. దుమ్మణగిన పిదప వాడు లేచి నిలుచును గాని చూపు ఎచ్చటనో యుండును. "మన పక్క యేదిరా?" అని యెదుటి జట్టువానినే యడుగును. చుట్టునున్నవారు గొల్లున నవ్వుదురు. "ఏం కాలేదులే అబ్బీ! మొగాన నీళ్లు కొట్టుకో, ఇంగో కూతకు పో" అని పెద్దవాడొకడు వెన్ను తట్టును. కొంతసేపటికి వాడు తేరుకొని ఆడును. మరునాడు ఎప్పటివలెనే చేనికి బోవును. అదే సాయంకాలము అట్టి దెబ్బయే తిన్న వేరొకడు మాత్రము మూడు వారములు వెలుతురు చూడలేక, చదివినది తలకెక్కక, చీకటి గదిలో కణతలు నొక్కుకొనుచు కూర్చుండును.

ఈ భేదమునకు పల్లెలో సిద్ధముగా నున్న సమాధానమొకటి కలదు: "వాండ్లది గట్టి తలకాయల వంశంలే!" నవ్వులాటకు అన్న మాటయే యైనను, శాస్త్రజ్ఞులు దాదాపు ముప్పది యేండ్లుగా తర్కించుచున్న ప్రశ్న దానిలో నిమిడియున్నది. దెబ్బ యొకటే యైనప్పుడు గతులు రెండేల? ముష్టియుద్ధము, రగ్బీ, అమెరికను ఫుట్‌బాలు, మన కబడ్డీ వంటి ఒడలొరయు క్రీడలలో అగ్రశ్రేణికి చేరినవారి తలకు రాబోవు అపాయమును తల్లిదండ్రులిచ్చిన జన్యువులే ముందుగా వ్రాసి యుంచుచున్నవా? ఈ యధ్యాయమున విచారింపదగిన విషయ మిదియే.

అదురు

మానవుని మెదడు సుమారు 1400 గ్రాముల బరువుగల, జున్నువలె మెత్తనైన పదార్థము. అది కపాలమునకు అంటుకొని యుండక, చుట్టును నిండిన పలుచని ద్రవములో తేలుచుండును. కావున తలకు తగిలిన దెబ్బ ఎముకను పగులగొట్టకున్నను మెదడును కదలింపగలదు. ఈ కదలికలో నెక్కువ హాని చేయునది సూటిగా త్రోయుట కాదు, గిర్రున త్రిప్పుట. నీళ్ళకుండను చటాలున త్రిప్పి యాపినచో కుండ యాగును గాని లోని నీరాగదు కదా! 1943లో ఆక్సుఫర్డు భౌతికశాస్త్రజ్ఞుడు హోల్బర్న్ కపాలాకృతిలో జెలాటిన్ ముద్దను పోసి పరీక్షించి, తల గిరగిర తిరిగినప్పుడే లోపలి పొరలు ఒకదానిపై నొకటి జారి సాగిపోవునని చూపెను.

ఆ సాగుటలో నాడీతంతువుల పొరలు సడలును. లోన నుండవలసిన పొటాషియము వెలుపలికిని, వెలుపల నుండవలసిన కాల్షియము లోపలికిని ప్రవహించును. తారుమారైన యీ సరకును మరల యథాస్థానమున చేర్చుటకు కణములు తమ శక్తినంతయు వెచ్చించును. సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము తగ్గును. ఆదాయము తగ్గి వ్యయము పెరిగిన సంసారమువలె మెదడు కొన్ని దినములు అప్పులలో బ్రదుకును. ఎలుకలపై జరిపిన ప్రయోగములలో ఈ దారిద్ర్యము ఏడు మొదలు పది దినములవరకు నిలిచినది. ఆ నడుమ రెండవ దెబ్బ తగిలినచో మొదటి దానికంటె ఘోరమగును. చిన్నవయసు ఆటగాండ్రలో అట్టి రెండవ దెబ్బ, చూచుటకు స్వల్పమే యైనను, ప్రాణము తీసిన సందర్భములు 1984 నుండి వైద్యగ్రంథముల కెక్కినవి.

మనవారు "దిమ్మ తిరిగింది", "కండ్లు బైర్లు కమ్మినాయి" అని తేలికగా చెప్పుకొనునది తరచుగా ఇదియే. వైద్యులు దీనిని కంకషన్ అందురు. సొమ్మసిల్లుట దీనికి తప్పనిసరి లక్షణము కాదు. పెక్కుమంది క్షణకాలమైనను సోయి తప్పరు. స్కానులో సాధారణముగా నేమియు కానరాదు. కానరాదు గనుకనే లేదని పెద్దలు నమ్ముదురు. తలకవచము ధరించిన చాలునని మరికొందరు నమ్ముదురు. కాని కవచము చర్మము చిట్లకుండ కాచును గాని లోపలి నీటిని ఆపజాలదు. 2013లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘము అగ్రశ్రేణి పురుషులకు కవచమును తీసివేయగా, 2016 రియో ఒలింపిక్స్‌లో వారు వట్టి తలలతోనే తలపడిరి. నిజామాబాదు నుండి వెడలి 2022లోను 2023లోను ప్రపంచ విజేతయైన నిఖత్ జరీన్ వంటివారిని చూచి మన తెలుగు పిల్లలు బాక్సింగ్ చేతితొడుగులు తొడుగుకొనుచున్న ఈ కాలమున, ఈ సంగతి తల్లిదండ్రులు ఎరిగియుండుట మంచిది.

మల్లుల మెదళ్ళు, జన్యువు జాడ

తలదెబ్బల దీర్ఘఫలితమును మొదట గుర్తించినది బాక్సింగులోనే. న్యూజెర్సీలో శవపరీక్షలు జరుపు వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లో, త్రాగకయే త్రాగినవానివలె తూలుచు, మాట తడబడుచు, మందబుద్ధులగు వృద్ధమల్లుల స్థితిని వర్ణించెను. అమెరికను ఫుట్‌బాలు వీరుడు మైక్ వెబ్‌స్టర్ 2002లో మరణింపగా, నైజీరియాలో పుట్టిన వైద్యుడు బెనెట్ ఒమాలు వాని మెదడును పరీక్షించి, టౌ అను ప్రోటీను చిక్కులుపడి పేరుకొని యుండుటను కనుగొనెను. 2017లో బోస్టను విశ్వవిద్యాలయమువారు పరీక్షించిన 111 మంది వృత్తి ఫుట్‌బాలరుల మెదళ్ళలో 110 యందు టౌ పేరుకొను ఈ దీర్ఘవ్యాధి కానవచ్చినది. అవి ఏదో యనుమానము కలిగిన కుటుంబములు దానము చేసిన మెదళ్ళు గనుక ఈ నిష్పత్తిని ఆటగాండ్రందరికిని వర్తింపజేయరాదు. అయినను ఆ సంఖ్య చూచి ఉలికిపడనివారు లేరు.

అంత దెబ్బలు తిన్నవారిలోను కొందరు వార్ధక్యమున సుఖముగా మనుమలతో ఆడుకొనుచుండుట కూడ ప్రత్యక్షమే. ఇక్కడనే జన్యువు ప్రస్తావన వచ్చినది. మన 19వ క్రోమోజోముపై అపోలైపోప్రోటీన్-ఇ అను ప్రోటీనును తయారుచేయు జన్యువు కలదు. దీనిని అపో-ఇ యందము. మెదడులో దీని పని బండి తోలుట: తెగిన పొరల మరమ్మతుకు కావలసిన కొవ్వును మోసికొనిపోయి కణములకు చేర్చుట. ఈ ప్రోటీను 299 ఎమైనో ఆమ్లముల దండ. ఆ దండలో 112వ పూసయు, 158వ పూసయు మనిషి మనిషికి మారుటచేత ఇ-2, ఇ-3, ఇ-4 అను మూడు రూపములు ఏర్పడినవి. ఎక్కువమందిలో నుండునది ఇ-3. ఇ-4 వృద్ధాప్యమున అల్‌జైమర్ వ్యాధి సంభావ్యతను పెంచునని 1993 నుండియు తెలిసిన విషయము.

మరమ్మతు బండి సరిగా నడవనివానికి దెబ్బ యెక్కువ కీడు చేయునేమో యను తలపు సహజముగనే పుట్టినది. 1997లో రెండు పరిశోధనలు వెలువడినవి. బ్యారీ జోర్డన్ బృందము 30 మంది బాక్సర్లను పరీక్షించి, ఎక్కువ పోటీలలో పాల్గొన్నవారియందు ఇ-4 కలవారికి మెదడు క్షతి అధికముగా నుండుటయు, మిక్కిలి చెడినవారందరిలోను కనీసము ఒక ఇ-4 ప్రతి యుండుటయు గమనించినది. గ్లాస్గో నగరమున టీస్‌డేల్ బృందము, తలకు గాయమై ఆసుపత్రి చేరిన 93 మందిని ఆరుమాసములు గమనింపగా, ఇ-4 కలవారిలో నూటికి 57 మందికిని, లేనివారిలో నూటికి 27 మందికిని దుష్ఫలితము కలిగినది. ఈ వార్తలు విన్నవారికి ప్రశ్న తీరిపోయినట్లే తోచెను. రక్తపు బొట్టొకటి తీసి చూచి, వీడు బరిలో దిగవచ్చును, వీడు దిగరాదని నిర్ణయించు దినములు వచ్చినవనిరి.

మాట తిరుగబడిన వైనము

శాస్త్రమునందు మొదటి సాక్షి మాటను బట్టి తీర్పు చెప్పరాదు. 2008లో టెరెల్ బృందము 195 మంది కళాశాలా క్రీడాకారులను ప్రశ్నించి, అపో-ఇ జన్యువును మేల్కొలుపు భాగములోని యొక రూపభేదము కలవారిలో గతమున కంకషన్ పొందినవారు ఇంచుమించు మూడింతలు ఎక్కువయని ప్రకటించినది. ఇది జ్ఞాపకమునుబట్టి చెప్పిన లెక్క. అదురు తిన్న తలకే తన యదురు జ్ఞాపకముండవలెను! అందుచేత ఆ పరిశోధకులే యింకొక మెట్టెక్కి, 1056 మందిని ముందుగనే పరీక్షించి యుంచుకొని, ఎవరికి దెబ్బ తగులునో కనిపెట్టియుండిరి. వారిలో 133 మందికి కంకషన్ కలిగినది. 2018లో ఫలితము వెలువడగా అందరును విస్తుపోయిరి: ఇ-4 కలవారికి అపాయము పెరుగుటకు మారుగా సుమారు నూటికి 40 వంతులు తగ్గినది! వాపును నడిపించు ఇంటర్‌ల్యూకిన్-6 యొక్క గ్రాహక జన్యువులో నొక రూపభేదము మాత్రము అపాయమును మూడింతలకు పైగా పెంచినట్లు కనబడినది.

దోషియని వేలెత్తి చూపబడిన జన్యువే రక్షకుడుగా నిలుచుటయేమి? ఈ చిక్కు విడవలెనన్న, మనము ఒక్క ప్రశ్నయనుకొన్నది నిజమునకు మూడు ప్రశ్నలని గ్రహింపవలెను. ఎవనికి దెబ్బ తగులును? అదే దెబ్బకు ఎవని మెదడు అదరును? అదరిన పిదప ఎవడు ఆలస్యముగా తేరుకొనును, ఎవడు ముసలితనమున దాని ఫలమనుభవించును? మొదటి ప్రశ్నకు సమాధానము మెదడు పొరలలో కంటె స్వభావములో నుండును. సాహసమును, తొందరను ప్రభావితము చేయు డోపమిన్ సంబంధి జన్యువులు కలవాడు ముందు వెనుక చూడక పట్టుకు దుముకవచ్చును. వానికి దెబ్బలు ఎక్కువ, వాని తల మెత్తనిదై కాదు. రెండవదానికి మెడ కండల బలము, దెబ్బ వచ్చుచున్నదని ముందుగా తెలియుట, నేల గట్టితనము కూడ కారణములు. మరమ్మతు బండి తోలు అపో-ఇ కి ముఖ్యముగా మూడవదానితోనే పొత్తు. 1997 నాటి పరిశోధనలు మూడవ ప్రశ్న నడిగినవి; 2018 నాటిది మొదటి రెండింటి నడిగినది. ప్రశ్న వేరైనప్పుడు సమాధానము వేరగుటలో వింతయేమి?

అగ్రశ్రేణి యాటగాండ్ర విషయమున ఇంకొక మెలిక కలదు. పల్లె బరిలో ఆడు నూరుగురిలో జిల్లా జట్టునకు చేరునది నలుగురు, రాష్ట్రమునకు ఒకడు. తలనొప్పులు తాళలేక, తల్లి మాట కాదనలేక, మధ్యలో ఆట మానినవారు ఎంతమందో! పైకి వచ్చినవారు జల్లెడ పట్టగా మిగిలిన గింజలు. కేవలము ఆ గింజలను పరీక్షించి పంటయంతటిని గూర్చి తీర్పు చెప్పుట, సంతకు వచ్చిన కోడెలను మాత్రమే చూచి ఊరి పశువులన్నియు పుష్టిగలవియే యనుకొనుటవంటిది. ఇంతేకాక జన్యువుల పాళ్ళు దేశదేశమునకు మారును. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు వృద్ధులలో నూరు ప్రతులకు ఇ-4 ఏడు మాత్రమే యుండగా, అమెరికాలోని పెన్సిల్వేనియా వృద్ధులలో పదునొకటి యున్నట్లు 2000 సంవత్సరమున తేలినది. అక్కడి కొలతబద్దతో ఇక్కడి తలలను కొలుచుట పొరబాటు.

జన్యువు నిక్కముగా పలికిన చోటులు

ఇట్లన్నంత మాత్రమున జన్యువుల మాటయంతయు వట్టిదని పాఠకుడు తలపరాదు. అదే 19వ క్రోమోజోముపై నాడీకణములలోనికి కాల్షియమును విడుచు ద్వారమునకు సంబంధించిన జన్యువు కలదు. ఆ ప్రోటీనులో 218వ స్థానమున సెరిన్ ఉండవలసినచోట లూసిన్ వచ్చినచో, ఎంతో స్వల్పమైన దెబ్బకు, కొన్ని గంటలు బాగుగనే యుండిన పిదప, మెదడు వాచి ప్రాణాపాయము కలుగవచ్చునని 2001లో తెలిసినది. అట్టి కుటుంబములలో ఒకవైపు కాలుసేతులు తాత్కాలికముగా చచ్చుబడు పార్శ్వపు తలనొప్పి కూడ కానవచ్చును. ఇది మిక్కిలి అరుదు. కాని ఉన్నచోట దాని మాట స్పష్టము.

మన సీమకు దగ్గరి ఉదాహరణము వేరొకటి కలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందు నిత్తురు. సాధారణముగా కొద్ది నిమిషములలో దాని ప్రభావము తీరును. దానిని విరిచివేయు ఎంజైము లోపించినవారికి గంటల తరబడి ఊపిరి కండరములు కదలవు; అంతదాక కృత్రిమ శ్వాస నడుపవలెను. ఈ లోపము వైశ్యులలో ఇతరులకంటె హెచ్చుగా నుండుటను వైద్యులు గుర్తించిరి. దాని వెనుకనున్న జన్యుదోషమును 2006లో వివరించిరి. తరతరములుగా లోపలనే సంబంధములు కలుపుకొనిన సమూహములలో పూర్వికుడొకనియందలి మార్పు పలువురికి సంక్రమించుట ఏ కులమునకైనను కలుగగలదు. అందు న్యూనత యేమియు లేదు. ఈ ఎరుకవలన కలిగిన మేలును చూడుడు: మత్తువైద్యునికి ముందుగా తెలిసినచో వేరు మందు నిచ్చును, ఆపద తప్పును. ఒక జన్యువు, ఒక మందు, ఒక జవాబు.

కంకషన్ విషయము అట్టిది కాదు. ఇందు జన్యువులు అనేకములు, ఒక్కొక్కదాని పలుకుబడి స్వల్పము, నడుమ స్వభావము, శిక్షణము, వయసు, పూర్వపు దెబ్బలు అడ్డుపడును. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున సమావేశమైన క్రీడావైద్య నిపుణులు జన్యుపరీక్షలు పరిశోధనకు ఉపకరించునవే కాని, ఆటగానికి వైద్యము చేయునప్పుడు వాడదగినంత పరిపక్వములు కావని యేల తేల్చిరో దీనినిబట్టి బోధపడును.

విత్తును నేలయును

ఒకే గాదెలోని జొన్నవిత్తును కె.సి. కాలువ క్రింది నల్లరేగడిలో కొంతయు, లంకమల క్రింది ఎర్రగరుసులో కొంతయు చల్లిన రైతునకు, కంకి బరువు విత్తు నొక్కదానినిబట్టియే యుండదని యెవరును చెప్పనక్కరలేదు. తలదెబ్బ విషయమున "నేల" యనగా ఎన్ని దెబ్బలు, ఎన్ని యేండ్లు, ఎంత యెడముతో అనునవి. బోస్టను పరిశోధకులు 266 మంది ఫుట్‌బాలరుల మెదళ్ళను పరిశీలించి, ఆట యాడిన ఒక్కొక్క సంవత్సరమునకు ఆ దీర్ఘవ్యాధి సంభావ్యత నూటికి 30 వంతుల చొప్పున పెరుగుచు, రెండున్నర యేండ్లకు పైచిలుకు కాలములో రెట్టింపగుచున్నదని లెక్కగట్టిరి. వీరే 2022లో, వ్యాధి కలవారిలో దాని తీవ్రత ఇ-4 ఉన్నచో అధికమనియు చూపిరి. అనగా 1997 నాటి మాట పూర్తిగా అబద్ధము కాలేదు. కాని దెబ్బలు లేనిచో ఇ-4 కి ఈ వ్యాధిని పుట్టించు శక్తి లేదు. విత్తు మనము మార్పలేనిది. నేల మన చేతిలోనిది.

అందుచేతనే, పదేండ్ల పిల్లవాని ఉమ్మి సీసాలో పట్టి పంపుడు, వాడు ఏ యాటకు పుట్టెనో చెప్పెదమను వ్యాపారుల మాటలను నమ్మవద్దని నా మనవి. ఆ పరీక్ష రెండు విధముల కీడు చేయును. "నీ జన్యువు చెడ్డది" అన్నచో ఆటయే తన పేదరికమునకు తెరువని నమ్మిన పిల్లవానిని అకారణముగా వెళ్లగొట్టినట్లగును. "నీది మంచిది" అన్నచో అంతకంటె అపాయము. తనకేమియు కాదను ధీమాతో వాడు దిమ్మ తిరిగిన తలతోనే మరల కూతకు బోవును. పరీక్షలో మంచి ఫలితము వచ్చినంత మాత్రమున కపాలములోని జున్ను గట్టిపడదు.

చేయవలసినది పల్లె పెద్దలందరికి చేతనగు పని. తలకు దెబ్బ తగిలిన పిదప వాడు తూలినను, తికమకపడినను, తన జట్టేదో మరచినను, కంకషన్ అనుకొని వెంటనే బరి వెలుపలికి తీసికొని రావలెను. ఆ దినమున మరల ఆడనీయరాదు. మొదటి ఒకటి రెండు దినములు తేలిక నడక తప్ప శ్రమ పెట్టక, చరవాణి చూపు తగ్గించి, పిదప మెట్టుమెట్టుగా, ఒక్కొక్క మెట్టునకు కనీసము ఒక దినము చొప్పున ఆటకు మరల్పవలెను. పట్టు పోరాటమునకు పోవుటకు ముందు వైద్యుని అనుమతి పొందవలెను. మాటిమాటికి వాంతులైనను, తలనొప్పి పెరుగుచున్నను, మగతగా పడియున్నను, కనుపాపలు రెండును సమానముగా లేకున్నను, మూర్ఛ వచ్చినను తెల్లవారువరకు ఆగక పెద్దాసుపత్రికి చేర్పవలెను. అంతర్జాతీయ క్రికెట్టు 2019 ఆగస్టు నుండి తలదెబ్బ తిన్నవానికి మారుగా వేరొకనిని ఆడనిచ్చుచున్నది; ఆ నెలలోనే లార్డ్స్ మైదానమున స్టీవ్ స్మిత్ స్థానమున లబుషేన్ దిగెను. దొరల యాటకు దొరికిన యీ నియమము మన చెడుగుడు బరికి దొరకకుండుటకు కారణమేమియు లేదు. అదనపు ఆటగాడు ప్రతి జట్టులోను గీత వెలుపల కాచుకొనియే యుండును.

ఆ బరి చెంత నిలిచి "ఇంగో కూతకు పో" యన్న పెద్దాయన చెడ్డవాడు కాడు. ఆయన కాలమున ఆయనకును ఎవరో అట్లే చెప్పిరి. రాబోవు సంక్రాంతికి ఆయన నోట వేరొక మాట రావలెను: "కూర్చో నాయనా, ఈ పొద్దుకు నీ ఆట అయిపోయింది." ఆ మాట చెప్పుటకు ఎవని జన్యువును చూడనక్కరలేదు.